మల్చింగ్ షీటు పరవడానికి సబ్సిడీ ఇచ్చారు సరే, తీయించేది ఎవరు సార్? ఉద్యాన శాఖకి ఒక టమాటా రైతు బహిరంగ లేఖ

ఉద్యాన శాఖ కమిషనర్ గారికి, జిల్లా అధికారులకి, మండలాల్లో తిరిగే హెచ్‌వోలకి (ఉద్యాన అధికారులకి), అందరికీ నమస్కారం సార్.

మాది మదనపల్లె తట్టు. టమాటా రైతుని. ఈ లేఖ రేటు గురించి కాదు, మండీ కమీషన్ గురించి అసలే కాదు, అవి రాస్తే మీరు చదవకుండానే మార్కెటింగ్ వాళ్ళ మీదకి తోసేస్తారని తెలుసు. ఇది పూర్తిగా మీ శాఖ సంగతే, మీరు సబ్సిడీ ఇచ్చే మల్చింగ్ షీటు, అంటే కలుపు రాకుండా, తడి ఆరకుండా బెడ్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు సంగతి. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే పంట అయిపోయాక ఆ షీటు ఏమవుతోంది అన్న సంగతి.

ముందు ఒకటి చెప్పండి. ఊళ్ళో కూరగాయల కొట్టువాడు పల్చని కవర్లో టమాటాలు వేసిస్తే మున్సిపాలిటీ వాళ్ళొచ్చి ఫైన్ రాస్తారు. ఎందుకంటే కేంద్రం రూల్ ప్రకారం క్యారీ బ్యాగు 2021 సెప్టెంబర్ నుంచి 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం), 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి, అంతకన్నా పల్చగా ఉంటే మళ్ళీ వాడరు, ఏరరు, కాలవల్లో పడి ముక్కలైపోతుంది అని కదా దాని లాజిక్కు. మంచి రూలే, కాదనను. మరి అదే టమాటా కాసే చేనులో 25, 30 మైక్రాన్ల షీటు, ఎకరాలకి ఎకరాలు, నేరుగా మట్టి మీద, అంచులు మట్టిలో పూడ్చి మరీ పరుస్తుంటే దానికి గవర్నమెంటే సగం డబ్బులు ఇస్తోంది. చేతిలో పట్టుకెళ్ళే కవరు మీద ఉన్న జాగ్రత్త మట్టిలో పూడ్చే కవరు మీద ఎందుకు లేదు సార్? ఎవరినడిగినా నాకింతవరకు సరైన జవాబు రాలేదు కాబట్టే ఇలా అందరి ముందు అడుగుతున్నా.

నేను మల్చింగ్ వద్దు అనేవాడిని కాదు, అది మొదటే క్లియర్‌గా చెప్పేస్తా, లేకపోతే కింద కామెంట్లలో మావాళ్ళే నన్ను తిడతారు. షీటు వచ్చాక కలుపు కూలీ ఎంత తగ్గిందో మాకు తెలుసు. బోరులో నీళ్ళు రెండంగుళాలు కూడా రాని చోట తడి నిలబడింది. పైన వెండి రంగు వెలుగుకి తెల్లదోమ, తామర పురుగు కొంచెం వెనక్కి తగ్గుతాయి, తెల్లదోమ తగ్గితే ఆకుముడత వైరస్ తగ్గుతుంది, కాయ మట్టికి తగలదు, మచ్చ పడదు, మండీలో ఆ బాక్సు వేరేగా నిలబడుతుంది. అంగళ్ళు, ములకలచెరువు, గుర్రంకొండ, పుంగనూరు, పలమనేరు, ఏ రోడ్డు మీద వెళ్ళినా వేసవి పంట టైములో కొండల కింద వరకు వెండి చారలే కనపడతాయి. అది మీ శాఖ సాధించిన పనే, క్రెడిట్ మీదే. అందుకే దాని తర్వాత సంగతి కూడా మీదే అంటున్నా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మేం కొనే రోల్ మామూలుగా నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్ల పొడవు. 25 మైక్రాన్ల మందంతో ఆ రోల్ బరువు దాదాపు 11 కేజీలు వస్తుంది, కావాలంటే కాటా వేసుకోండి. ఒక బెడ్డు నడుమ నుంచి పక్క బెడ్డు నడుమకి అయిదడుగులు పెట్టుకుంటే ఎకరాకి 2,600 మీటర్ల పైన పడుతుంది, అంటే ఆరున్నర రోళ్ళు, ఏడు అనుకోండి. ఎకరాకి 70 నుంచి 75 కేజీల ప్లాస్టిక్. హెక్టారు లెక్కలో 180 కేజీల పైమాటే. ఒక పంటకి! కొందరు ఒక షీటు మీదే టమాటా తీసి మళ్ళీ బీన్సో దోసో పెట్టుకుంటారు, వాళ్ళు తెలివైనవాళ్ళు, కానీ రెండో పంట అయ్యేసరికి షీటు పూర్తిగా చీలికలు పేలికలు అయ్యుంటుంది, దాన్ని తీయడం ఇంకా నరకం. మీ ఫైళ్ళలో ఎన్ని హెక్టార్లకి సబ్సిడీ ఇచ్చారో ప్రతి సంవత్సరం లెక్క ఉంటుంది కదా, దాన్ని 180తో గుణించి చూడండి. ఎన్ని టన్నులు మట్టిలోకి వెళ్ళిందో తెలుస్తుంది. ఎన్ని టన్నులు బయటికి వచ్చిందో మాత్రం మీ దగ్గర ఏ రిజిస్టర్లోనూ దొరకదు, ఎందుకంటే అడిగేవాళ్ళు లేరు.

2014 కేంద్ర ఉద్యాన మిషన్ గైడ్‌లైన్స్‌లో మల్చింగ్‌కి హెక్టారుకి ఖర్చు 32,000 అని, అందులో సగం సబ్సిడీ అని, ఒక రైతుకి 2 హెక్టార్ల దాకా అని పెట్టారు. తర్వాత రేట్లు సవరించారనుకోండి. మాకు తెలిసినంతవరకు ఆ ఖర్చంతా పరిచే ఖర్చే. తీయడానికి ఒక్క రూపాయి లెక్కేసినట్టు మా దాకా అయితే రాలేదు.

తీయడం అంటే ఏంటో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి తెలియాలంటే ఒకసారి చేనులోకి రావాలి. పంట అయిపోయాక ముందు కట్టెలు పీకాలి, వైరు చుట్టాలి, చెట్లు పీకి గెనిమ (గట్టు) మీద వేయాలి, డ్రిప్పు పైపులు జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టాలి (అవి మళ్ళీ వాడతాం, అందుకే జాగ్రత్త), అప్పుడు షీటు. పైన ఎండ తగిలిన భాగం పట్టుకుంటే అప్పడం విరిగినట్టు చేతిలోనే విరిగిపోతుంది. అంచుల దగ్గర, అంటే పరిచేటప్పుడు ట్రాక్టరు మట్టి ఎగదోసి కప్పిన చోట, షీటు ఇంకా గట్టిగానే ఉంటుంది కానీ దాని మీద అరడుగు మట్టి గట్టిపడి ఉంటుంది, లాగితే మధ్యలో తెగుతుంది, అంచు లోపలే ఉండిపోతుంది. దాన్ని పారతో తవ్వి తీయాలి. మొక్క కోసం వేసిన బొక్కల చుట్టూ తుంగ, గరిక లేచి షీటుని కుట్టేసినట్టు పట్టుకుంటాయి. కూలోళ్ళు ఒక పూట చేసి రెండో పూట రామంటారు, వాళ్ళ తప్పేం లేదు, మందులు కొట్టీ కొట్టీ షీటు మీద తెల్లగా పేరుకుపోయిన పొడి అంతా చేతులకి, మూతికి. టమాటా కేజీ అయిదు రూపాయలకి పడిపోయి కాయ కోయకుండా వదిలేసిన సీజన్లో షీటు తీయడానికి ఎవడు కూలీ పెడతాడు చెప్పండి. గెనిమ పక్కన నుంచి రోటావేటర్ దింపేస్తాడు. అంతే, ఆ ఒక్క దున్నుడుతో షీటు వేల ముక్కలై మట్టిలో కలిసిపోతుంది.

తీసినవాళ్ళైనా ఏం చేయాలి? పాత సామాన్ల వాడికి ఫోన్ చేస్తే "మట్టి ఉంది అన్నా, మాకొద్దు" అంటాడు. నిజమే, తీసిన షీటు కాటా వేస్తే సగానికి పైగా మట్టే తూగుతుంది, కడిగితే తప్ప మెషిన్లోకి పోదు, కడగడానికి నీళ్ళెక్కడివి. పంచాయతీ చెత్త బండి ఇంటి చెత్త తీసుకుంటుంది గానీ చేను చెత్త తీసుకోదు. ఇక మిగిలింది గెనిమ మీద కుప్ప వేసి అగ్గిపుల్ల గీయడం, లేకపోతే వంకలోకి తోసేయడం. కాల్చిన చోట నల్లగా ముద్ద కట్టి రాయిలా అయిపోతుంది, సగం కాలి సగం కాలని ముక్కలు గాలికి లేస్తాయి, పురుగు మందులు పట్టిన షీటు కాలుతుంటే ఆ పొగ పీల్చేది ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. వంకలో తోసింది వాన పడగానే నేరుగా చెరువులోకి.

ఇందులో కౌలు సంగతి ఒకటుంది, మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది. మా తట్టు టమాటా పెట్టేవాళ్ళలో చాలామంది కౌలుకి చేస్తారు. ఒక పంటకో రెండు పంటలకో చేను తీసుకుంటాడు, పంట దెబ్బతింటే అప్పుతో ఇంటికి పోతాడు, వచ్చే సంవత్సరం ఆ చేనులో ఉండడు, షీటు తీసి వాడికేం లాభం. చేను గలాయనేమో బెంగళూరులో ఉంటాడు, నేలలో ఏం మిగిలిందో ఆయనకి కనపడదు. సబ్సిడీకి పాస్‌బుక్ అడుగుతారు కాబట్టి సబ్సిడీ పేరు ఒకరిది, షీటు పరిచింది ఇంకొకరు, ఇక బాధ్యత ఎవరిది అని అడిగితే గాలిలో చూడాలి. రైతుల్లో అవగాహన లేదు అని మీటింగుల్లో మీవాళ్ళు చెప్పే మాట నాకందుకే నచ్చదు. అవగాహన బ్రహ్మాండంగా ఉంది సార్, దుక్కిలో గుంతకకి షీటు చుట్టుకుని ప్రతి పది గజాలకీ ఎద్దుల్ని ఆపి పీక్కునే మనిషికి మీరు కొత్తగా చెప్పేదేముంటుంది. లేనిది డబ్బు, తీసుకునే చోటు.

మీకు నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చెప్తా, లాబ్ అక్కర్లేదు. నాలుగైదు పంటలు షీటు మీద తీసిన ఏ చేనైనా ఎంచుకోండి. బెడ్డు అంచు ఉన్న చోట జానెడు లోతు మట్టి ఒక తట్ట తవ్వి బకెట్లో వేసి, నిండా నీళ్ళు పోసి కర్రతో బాగా కలిపి కాసేపు వదిలేయండి. షీటు చేసేది పాలిథిన్‌తో, అది నీళ్ళకన్నా తేలిక, కాబట్టి పైకి తేలుతుంది. గోరంత ముక్కలు, బియ్యపు నూకంత ముక్కలు, ఒక పక్క వెండి ఒక పక్క నలుపు, వాటితో పాటు వేర్లు, పొట్టు, ప్రోట్రేల (నారు పెంచే ట్రేల) నుంచి వచ్చిన కొబ్బరి పీచు. వేలితో నలిపితే పీచు విడిపోతుంది, షీటు ముక్క విడిపోదు, సాగుతుంది లేదా ఇంకా చిన్నగా విరుగుతుంది. అది కంటికి కనపడేది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నదాన్ని మైక్రోప్లాస్టిక్ అంటారు, మీకు తెలిసిందే, అందులో చాలాభాగం ఈ బకెట్ పరీక్షకి దొరకదు, మట్టి కణాలకి అతుక్కుని కిందే ఉండిపోతుంది. మన కేంద్రం అయితే 2024 మార్చిలో ప్లాస్టిక్ రూల్స్ సవరించినప్పుడు మైక్రోప్లాస్టిక్ అంటే 1 మైక్రాన్ నుంచి 1000 మైక్రాన్ల (1 మిల్లీమీటరు) దాకా, నీళ్ళలో కరగని ప్లాస్టిక్ కణం అని రాసుకుంది. రాసుకుంది సరే, మా మట్టిలో అది ఎంతుందో చూసేదెవరు?

భూసార కార్డు ఉంది కదా. 2015 నుంచి ఇస్తున్నారు, 12 అంశాలు చూస్తారు, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, బోరాన్, పీహెచ్, ఈసీ అన్నీ. ప్లాస్టిక్ లేదు. అన్ని కార్డుల్లో పెట్టమనట్లేదు, అది అయ్యే పని కాదని నాకూ తెలుసు. మల్చింగ్ సబ్సిడీ ఎక్కువగా వెళ్ళిన మండలాల్లో కొన్ని చేన్లు ఎంచుకుని, సంవత్సరానికొకసారి జల్లెడ పట్టి, కడిగి, ఆరబెట్టి, గ్రాముల్లో తూచినా చాలు. చైనా వాళ్ళు ఆ పని చేశారు కాబట్టే వాళ్ళకి లెక్క తెలిసింది.

చైనా మాట ఎందుకంటే షీటు వాడకంలో వాళ్ళే ముందు, దెబ్బ తిన్నదీ వాళ్ళే ముందు. షిన్‌జియాంగ్ పత్తి చేలల్లో 8 మైక్రాన్ల షీటు ఏళ్ళ తరబడి పరిచి, తీయలేక వదిలేసి, చివరికి దాన్ని తెల్ల కాలుష్యం అని పిలుచుకునే స్థితికి వచ్చారు. వాళ్ళ చేలల లెక్కలన్నీ కలిపి చూసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. మల్చింగ్ వల్ల దిగుబడి సగటున 24 శాతం పెరిగింది, అదే మట్టిలో మిగిలిన షీటు హెక్టారుకి 240 కేజీలు దాటితే దిగుబడి తగ్గడం మొదలైంది. వేరు కిందకి దిగలేదు, నీళ్ళు సరిగా పాకలేదు. మన షీటు వాళ్ళ షీటు కన్నా మందమే, కాబట్టి మనకి అంత తొందరగా రాకపోవచ్చు. కానీ పైన చేసిన లెక్క చూడండి, హెక్టారుకి 180 కేజీలు పరిచి అందులో పావు వంతు మట్టిలో వదిలేశామనుకున్నా పంటకి 45 కేజీలు, ఆరు పంటలకి 270. సంవత్సరానికి రెండు పంటలు పెట్టేవాడికి మూడేళ్ళు. ఇది నా అంచనా లెక్క మాత్రమే, తప్పని తేలితే నాకే సంతోషం, తేల్చాల్సింది మీరు. వాళ్ళయితే 2018 నుంచి కనీస మందం 10 మైక్రాన్లు చేశారు, 2020లో వ్యవసాయ షీటుకి విడిగా రూల్స్ తెచ్చి అమ్మినవాడికి, వాడినవాడికి, సేకరించేవాడికి ఎవరి పని ఏంటో రాశారు.

ఇక షీటులో కలిపే వాటి సంగతి, ఇది మామూలుగా ఎవరూ మాట్లాడరు. పాలిథిన్ ఒక్కటే అయితే మన ఎండకి ఎక్కువ కాలం నిలబడదు. అందుకని నలుపు పక్క కార్బన్ బ్లాక్, వెండి పక్క రంగు పొడులు, ఎండకి తట్టుకోడానికి యూవీ స్టెబిలైజర్లు, తయారీ వేడికి పాడవకుండా యాంటీ ఆక్సిడెంట్లు, ఇలా కలుపుతారు. ఇవి ప్లాస్టిక్‌తో కలిసిపోయి ఒకటైపోవు, అందులో ఇరుక్కుని ఉంటాయంతే. షీటు ముక్కలయ్యే కొద్దీ, ఎండకీ నీళ్ళకీ తగిలే అంచు పెరిగే కొద్దీ, కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి. ఇంకో తమాషా ఏంటంటే బూడిద తెగులుకి మేం గంధకం కొడతాం కదా, ఆ గంధకం షీట్లలో వాడే ఒక రకం స్టెబిలైజర్లని పనిచేయకుండా చేస్తుంది, పాలీహౌస్ షీట్లు చేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయం. అంటే మా మందే మా షీటుని తొందరగా పొడి చేస్తుంది. ఇది మా రైతుకి ఎవరైనా చెప్పారా?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2023లో లెక్క తీస్తే ప్లాస్టిక్‌లతో సంబంధం ఉన్న రసాయనాలు 13,000 పైన తేలాయి, అందులో 3,200 పైచిలుకు ఆందోళన పడాల్సినవి. అదే సంవత్సరం యూవీ-328 అనే ఎండ స్టెబిలైజర్‌ని స్టాక్‌హోమ్ ఒప్పందంలో తీసేయాల్సిన రసాయనాల జాబితాలోకి చేర్చారు, ఎందుకంటే అది కరిగిపోదు, జీవుల ఒంట్లో పేరుకుంటుంది, దూరాలకి వెళ్తుంది. మా షీటులో అదే ఉంది అని నేను అనట్లేదు. ఏముందో తెలుసుకునే దారి లేదు అంటున్నా. పురుగు మందు డబ్బా మీద ఏ మందు ఎంత శాతమో రాసుంటుంది, విషం ఎంతో చెప్పే రంగు గుర్తు కూడా ఉంటుంది. నేను కొన్న రోళ్ళ మీద మాత్రం కంపెనీ పేరు, మైక్రాన్లు, వెడల్పు, పొడవు. అంతే. అందులో కొత్త సరుకు ఎంత, కరిగించి మళ్ళీ చేసిన సరుకు ఎంత అనేది అడిగితే షాపువాడు నవ్వుతాడు. ఒకసారి 30 మైక్రాన్లని బిల్లు వేసిన రోల్ కాటా వేస్తే లెక్క ప్రకారం 13 కేజీలకి పైగా రావాల్సింది చాలా తక్కువ వచ్చింది, అడిగితే "అన్నా, అందరికీ అదే మాల్" అన్నాడు. సబ్సిడీ కంపెనీల లిస్టు మీదే కదా, రోల్ కాటా వేసే పని కూడా మీదే అవ్వాలి.

చెరువు సంగతికి వస్తా. మా తట్టు వంకలన్నీ చెరువుల్లోకే పోతాయి. ఇప్పుడు హంద్రీ-నీవా పుంగనూరు బ్రాంచ్ కాలవ నీళ్ళతో చెరువులు నింపుతున్నారు, అది చూసి మేం ఎంత సంబరపడ్డామో. ఆ నీళ్ళలో చేపలు వదులుతారు, గొర్రెలు తాగుతాయి. ఎండాకాలంలో చెరువు ఎండగానే పూడిక మట్టి తవ్వి ట్రాక్టర్లతో చేన్లకి తోలుకుంటాం, మన దగ్గర నీరు-చెట్టు, పక్కన తెలంగాణలో మిషన్ కాకతీయ, గవర్నమెంట్లే ప్రోత్సహించిన పని, మంచి పని, ఒండ్రు మట్టి అంటే బలం. ఇప్పుడు ఆ మట్టిలో షీటు ముక్కలు వస్తున్నాయి. అంటే నా చేనులోంచి వంకలోకి, వంకలోంచి చెరువులోకి, చెరువులోంచి ట్రాక్టరెక్కి అసలు జీవితంలో ఒక్కసారి కూడా షీటు పరవని ఆ పక్క ఊరాయన వరి మడిలోకి. ఆయనకి సబ్సిడీ కూడా రాలేదు పాపం.

నాటు కోళ్ళ సంగతి ఒకటి చదివి నాకు కొంచెం గాభరా అయింది. మెక్సికోలో ప్లాస్టిక్ కాల్చి, పూడ్చే పెరళ్ళలో 2017లో చూశారట. గ్రాము మట్టిలో సగటున ఒక ముక్క కన్నా తక్కువే, అదే వానపాము విసర్జించిన మట్టి పోగులో గ్రాముకి సగటున 15, కోడి రెట్టలో గ్రాముకి సగటున 130 ఉన్నాయి. అంటే వానపాములు, కోళ్ళు ఏరుకుని తిన్నట్టే కదా. అంతకుముందు సంవత్సరం నెదర్లాండ్స్‌లో ఆకుల చెత్తలో ప్లాస్టిక్ కలిపి వానపాములకి పెడితే 28 శాతం కలిపిన దగ్గర నుంచి చావులు పెరిగాయి, ఎదుగుదల తగ్గింది. 7 శాతం దగ్గర పెద్ద తేడా లేదు, అది కూడా చెప్పాలి. మన చేన్లలో అంత శాతం లేదు. కాబట్టి రేపే వానపాములన్నీ చచ్చిపోతాయి అని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ ప్రతి పంటకీ కలుస్తోంది, తగ్గే దారి లేదు, వెనక్కి తీసే మెషిన్ లేదు.

ఇది చదివి టమాటాలో ప్లాస్టిక్ ఉంది, తినొద్దు అని రీల్స్ చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ముందే దండం. గోధుమ, లెట్యూస్ మొక్కల వేళ్ళలోకి 2 మైక్రాన్ల లోపు కణాలు దూరగలవు అని 2020లో లాబ్‌లో చూపించారు, అది లాబ్. మా టమాటా మీద అలాంటి లెక్కలు చెప్పి నిలబెట్టే రుజువు నేనైతే చూడలేదు. రైతు మీద ఇంకో దెబ్బ వేయడానికి ఈ లేఖని వాడుకోవద్దు. రేటు పడితే చచ్చేది మేమే.

ఈ పాత షీటు ఏం చేయాలి సార్ అని నేను ఒక ఆఫీసులో అడిగా. ఏ ఆఫీసో వద్దులెండి, ఆ సారు మంచోడే. "షీటు ఇవ్వడం వరకే మా పని, చెత్త అంటే పంచాయతీ వాళ్ళు, పొల్యూషన్ అంటే బోర్డు వాళ్ళు" అన్నారు. పంచాయతీలో అడిగితే "వ్యవసాయానిది మాకు సంబంధం లేదు" అన్నారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్లాస్టిక్ తయారుచేసినవాడే వెనక్కి తీసుకోవాలి అని ఈపీఆర్ తెచ్చింది కదా అనుకుని చూస్తే అది ప్యాకేజింగ్‌కి. బిస్కెట్ ప్యాకెట్‌కి బాధ్యత ఉంది, ఎకరాకి 75 కేజీల షీటుకి లేదు. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని చీపుర్లు పట్టుకుంటున్నాం, సంతోషం, ఒక శనివారం చేను గెనాల మీదకి కూడా రండి.

బయట దేశాల్లో ఇదేం కొత్త కాదు. ఐర్లాండ్‌లో 1997 నుంచి పశుగ్రాసం చుట్టే షీట్లని తయారీదారుల దగ్గర ముందే సొమ్ము వసూలు చేసి, ఆ డబ్బుతో రైతుల దగ్గర నుంచి వెనక్కి సేకరిస్తున్నారు. ఫ్రాన్స్‌లో 2001 నుంచి అడివలోర్ అనే సంస్థ పురుగు మందు డబ్బాలు, తర్వాత షీట్లు సేకరిస్తోంది. మనం అదే కాపీ కొట్టక్కర్లేదు, మన దగ్గర అంతకన్నా దగ్గరగా రైతు సేవా కేంద్రాలున్నాయి, ఊరికొకటి దాదాపు.

నేను అడిగేది ఇది. సబ్సిడీలో కొంత భాగం, ఎంతో మీరు తేల్చండి, షీటు పరిచినప్పుడు కాకుండా పాత షీటు తెచ్చి అప్పగించినప్పుడు వేయండి. పరిచిన 70 కేజీలకి మట్టి తీసేసి 50 కేజీలు తెచ్చినా వేయండి, పట్టాదారుకి కాదు, తెచ్చిన మనిషి అకౌంట్లో వేయండి, కౌలుదారు అయితే కౌలుదారుకే. అప్పుడు చూడండి ఎవడు రోటావేటర్ దింపుతాడో. సేకరించడానికి రైతు సేవా కేంద్రం దగ్గర ఒక షెడ్డు, ఒక కాటా, పంట అయిపోయే నెలల్లో వారానికి ఒక రోజు చాలు. సబ్సిడీ లిస్టులో ఉన్న కంపెనీలు ఎన్ని టన్నులు అమ్మాయో దానికి తగ్గట్టు వెనక్కి తీసుకుని, కడిగి, మళ్ళీ వాడుకునేలా టెండర్లోనే రాయండి, ఒప్పుకోని కంపెనీని లిస్టులో పెట్టొద్దు. సర్కారు లిస్టు కోసం వాళ్ళు ఎంత పోటీ పడతారో మీకు తెలుసు, కాబట్టి ఒప్పుకుంటారు.

మందం గురించి కూడా ఆలోచించండి. పాత సిఫారసుల్లో వేరుశనగకి 7 మైక్రాన్లు, కూరగాయలకి 20, 25 అని ఉంటాయి. అవి నీళ్ళు, కలుపు చూసుకుని రాసినవి, పంట అయ్యాక షీటు ఒక్క ముక్కగా లేస్తుందా అని చూసి రాసినవి కావు అనిపిస్తుంది. 7 మైక్రాన్లది ఎవడూ తీయలేడు, అసలు అలాంటిది పరిచే సలహానే ఆపండి. మందం పెంచితే ఖర్చు పెరుగుతుంది, ప్లాస్టిక్ కూడా పెరుగుతుంది, ఇది నిజం, అందుకే మందం పెంచడం వెనక్కి తీసుకోవడంతో కలిపే చేయాలి, విడిగా చేస్తే ఇంకా నష్టం.

ఇంకొకటి, కరిగిపోయే షీటు అని ఈ మధ్య అమ్ముతున్నారు. అందులో రెండు రకాలు. నిజంగా మట్టిలో సూక్ష్మజీవులు తినగలిగేవి కొన్ని ఉన్నాయి, రేటు ఎక్కువ, వాటిని మన నేలల్లో, మన ఎండలో మీ పరిశోధనా కేంద్రాల్లో పరీక్షించి చెప్పండి, బాగుంటే వాటికే సబ్సిడీ ఎక్కువ ఇవ్వండి. రెండోది మామూలు పాలిథిన్‌లోనే ఏదో రసాయనం కలిపి తొందరగా పొడి అయ్యేలా చేసేది, ఆక్సో అంటారు. అది కరగడం కాదు, మైక్రోప్లాస్టిక్ తయారీ, యూరప్‌లో 2021 నుంచి నిషేధం. మన రైతుకి రెండూ ఒకే పేరుతో అమ్ముతారు, కాబట్టి తేడా మీరే చెప్పాలి, మీ ముద్ర ఉంటేనే కొనాలి అన్నట్టు ఉండాలి.

మా మండలంలో ట్రయల్ పెడతామంటే చేను నేనిస్తా. తవ్వుకోండి, తూచుకోండి, పాత షీటు తీసే కూలీ ఖర్చు ఎంతవుతుందో దగ్గరుండి రాసుకోండి, మా కూలోళ్ళతో మాట్లాడండి. వచ్చే వేసవి టమాటాకి సబ్సిడీ దరఖాస్తులు తీసుకునే ముందే వెనక్కి ఇచ్చే షరతు కనీసం ఒక్క మండలంలోనైనా పెడితే బాగుంటుంది, దరఖాస్తులు అయిపోయాక పెడితే మళ్ళీ ఒక సంవత్సరం పోయినట్టే.

ఇట్లు,
మదనపల్లె తట్టు ఒక టమాటా రైతు

తా.క.: డ్రిప్పు పైపులు, ప్రోట్రేలు, కట్టెలకి కట్టే ప్లాస్టిక్ పురికొస, ఇవి కూడా ఉన్నాయి. పురికొస అయితే షీటు కన్నా ఘోరం, పీచు పీచుగా విడిపోయి గొర్రెల కడుపులోకి పోతోంది. ఆ షెడ్డు పెట్టేటప్పుడు వీటికి కూడా ఒక మూల ఉంచండి.